ఎడిటర్ లేనివాళ్లకు అక్టోబరు



డబ్లిన్‌లో అక్టోబరు మొదలయ్యేటప్పుడు సాయంత్రం ఏడింటి దాకా వెలుతురు ఉంటుంది. ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కదా, ఇక హాలోవీన్ నాటికి ఐదు కొట్టకముందే పొద్దు గూకుతుంది. ఈ ఊరి శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉండే మన తెలుగువాళ్ల సాయంత్రాల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆఫీసో, ఆసుపత్రి డ్యూటీనో ముగించుకుని ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగి ఉంటాయి. పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లే ప్రసక్తి లేదు. వంట, తిండి, గిన్నెలు అయ్యాక మిగిలే గంటా గంటన్నర ఫోనుకు సమర్పయామి.

ఆ గంటలోంచి ఓ ఇరవై నిమిషాలు పక్కకు తీసి, నెల రోజులపాటు రోజుకో బొమ్మ వేయడం గురించి ఈవేళ మాట్లాడతాను. అదీ సిరాతో.

ఇది ఒక ఛాలెంజ్‌గా ప్రపంచమంతా నడుస్తోంది. జేక్ పార్కర్ అనే అమెరికన్ చిత్రకారుడు 2009లో తన సిరా పని మెరుగుపడాలని, రోజూ గీయడం అలవాటు కావాలని, అక్టోబరులో 31 రోజులకు 31 బొమ్మలు వేస్తానని పూనుకున్నాడు. చూసినవాళ్లు అందుకున్నారు. దాని పేరు ఇంక్‌టోబర్. నియమాలు పెద్దగా లేవు: సిరాతో బొమ్మ వేయాలి, నలుగురికీ చూపించాలి, మర్నాడు మళ్లీ వేయాలి. 2016 నుంచి తారీఖుకో మాట చొప్పున జాబితా కూడా ఇస్తున్నారు. రోజూ కుదరనివాళ్లు రోజు విడిచి రోజు, అదీ కాదంటే వారానికొకటి వేసుకోవచ్చని మొదలుపెట్టినాయనే చెప్పాడు. ఏది అనుకుంటే దాన్ని తప్పకుండా చేయమన్నాడు, అంతే. ఆ పేరుకు ట్రేడ్‌మార్కు ఉంది, దాని మీద 2019 చివర్లో చిత్రకారుల మధ్య గొడవా నడిచింది. ఆ జోలికి నేను పోను. ఇంట్లో కూర్చుని బొమ్మ వేసుకోవడానికి ఎవరి ట్రేడ్‌మార్కూ అడ్డు రాదు.

తెలుగులో రోజూ సిరాతో బొమ్మలు వేసినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లను రోజూ బల్ల ముందు కూర్చోబెట్టింది ప్రతిభ అనో, స్ఫూర్తి అనో మనం అనుకుంటాం. వాళ్లు పనిచేసిన తీరు చూస్తే నాకు ఇంకోటి కనబడుతుంది. 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్న బాపుగారు కోర్టుకు వెళ్లకుండా ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. పత్రిక అంటే రాత్రికి అచ్చు, తెల్లారేసరికి పాఠకుడి చేతిలో ఉండాలి. ఈ పూట మనసు బాగాలేదు, గీత కుదరడం లేదు అంటే అక్కడ వినేవాళ్లుండరు.

సిరాతోనే ఎందుకు వేసేవారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ కారణం కళకు సంబంధించినది కాదు. అప్పట్లో బొమ్మ అచ్చవ్వాలంటే జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. లైన్ బ్లాకుకి తెలిసినవి నలుపు, తెలుపు, రెండే. పెన్సిలు మసక గానీ, నీటిరంగు పలచన గానీ దానికి పట్టవు. హాఫ్‌టోన్ బ్లాకుకి ఖర్చెక్కువ, పైగా న్యూస్‌ప్రింట్ మీద అలుక్కుపోయేది. కాబట్టి నీడ కావాలంటే గీతలు దగ్గర దగ్గరగా పెట్టాలి, లేదా చుక్కలు పెట్టాలి, లేదా ఆ మేర మొత్తం నల్లగా నింపేయాలి. మన వారపత్రికల కథల బొమ్మల్లో ఇవాళ్టికీ మెచ్చుకునే ఆ తేట గీత వెనక ఇంత ముతక లెక్క ఉంది. బ్లాకు మేకర్ పెట్టిన ఆంక్షలోంచి ఒక శైలి పుట్టింది.

చందమామ శంకర్‌గారిని తీసుకోండి. అసలు పేరు కె.సి. శివశంకరన్. చందమామ 1947 జులైలో మొదలైంది, ఆయన 1950ల తొలినాళ్లలో చేరారు. శవాన్ని భుజాన వేసుకుని, చేత్తో కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే. పత్రిక ఆగిపోయేదాకా వేస్తూనే ఉండి, 2020లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. బేతాళ కథ అంటే నెలనెలా అదే రాజు, అదే చెట్టు, అదే శ్మశానం. కొత్త విషయం దొరికితేగాని చెయ్యి కదలదనే వాళ్లు ఆ శ్మశానాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇక ఈనాడులో ‘ఇదీ సంగతి’ పాకెట్ కార్టూను వేసిన శ్రీధర్‌గారు, ఆ పత్రికలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసి 2021 ఆగస్టులో బయటికొచ్చారు. పాకెట్ కార్టూను అంటే మహా అయితే ఒక కాలమ్ వెడల్పు. అంత చిన్న జాగా కాబట్టే రోజూ సాధ్యమైందని నా నమ్మకం.

వీళ్లందరికీ ఉన్నదీ, మనకు లేనిదీ ఒకటుంది. ఫలానా వేళకి, ఫలానా సైజులో, ఫలానా విషయం మీద బొమ్మ కావాలని అడిగే మనిషి. మనం ఈ రాత్రి బొమ్మ వేయకపోతే ఏ పేజీ ఖాళీగా పోదు, ఎవరూ ఫోన్ చేసి అరవరు. ఇంక్‌టోబర్ చేసే ఉపకారమల్లా ఆ ఎడిటర్ని మనకు నెల రోజులకు అరువివ్వడమే. తారీఖు వేళ చెబుతుంది, జాబితా విషయం చెబుతుంది. సైజు ఒక్కటి మనం పెట్టుకోవాలి. పోస్టుకార్డుకు మించనివ్వకండి. పెద్ద కాగితం మొదటి వారాంతంలో బ్రహ్మాండంగా ఉంటుంది, మంగళవారం రాత్రి పదింటికి భయపెడుతుంది.

మరి నెల రోజుల్లో అలవాటైపోతుందా? 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. భోజనంతో పాటు ఒక పండు తినడం లాంటి చిన్న పనులే అవి. ఆలోచించకుండా తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యరకం మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. అంటే అక్టోబరు 31న మనం సగం దారిలో ఉంటామన్నమాట. ఛాలెంజ్ పెట్టినవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోయే రోజుకి మన పని ఇంకా మిగిలే ఉంటుంది. కాబట్టి నవంబరు ఒకటిన ఏం వేస్తామో అక్టోబరులోనే రాసి పెట్టుకోవడం మంచిది.

అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది, నాకది ఎక్కువ విలువైనదనిపిస్తుంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు కుదురుకోవడానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ రాలేదు. మన చుట్టుపక్కల మొదలుపెట్టి మానేసినవాళ్లను గమనిస్తే, బొమ్మ బాగా రాలేదని మానేసినవాళ్లు తక్కువ. రెండో వారంలో పిల్లాడికి జ్వరం వస్తుంది, లేదా నైట్ డ్యూటీ పడుతుంది. రెండు బొమ్మలు బాకీ పడతాయి. శనివారం మొత్తం తీర్చేద్దామనుకుంటారు. శనివారానికి బాకీ ఐదవుతుంది. అంతటితో పుస్తకం అటకెక్కుతుంది. తప్పిన రోజు తప్పినట్టే వదిలేయండి. 11వ తారీఖు బొమ్మ లేకపోతే 12వ తారీఖుది వేయండి. రేపటి పత్రికలో నిన్నటి కార్టూను ఎవరూ వేయరు కదా.

చూపించడం గురించి కూడా ఒక మాట. నలుగురికీ చూపించాలన్న నియమంలో బలం ఉంది, గోతి కూడా ఉంది. అడిగే మనుషులుంటే చెయ్యి కదులుతుంది. లైకులు లెక్కపెట్టడం మొదలైతే మాత్రం మర్నాడు మన బొమ్మ మనం వేయం, జనానికి నచ్చిన బొమ్మ మళ్లీ వేస్తాం. ఇద్దరు ముగ్గురు స్నేహితులతో చిన్న గ్రూపు చాలు. ఫ్రిజ్ తలుపు ఇంకా నయం.

ఇప్పుడు సిరా సంగతికొద్దాం. పెన్సిలుతో మొదలుపెడితే నష్టమేంటని అడుగుతారు. నష్టమేమీ లేదు. కాకపోతే పెన్సిలు పక్కన రబ్బరు ఉంటుంది. రాత్రి పూట అలసిపోయిన మనిషి చేతికి రబ్బరు దొరికితే ఇరవై నిమిషాల్లో ఒక ముక్కు పదిసార్లు చెరిపి, విసుగొచ్చి లేచిపోతాడు. సిరాలో ఆ వెసులుబాటు లేదు. గీత పడిందంటే పడింది. వంకర పోతే దాని పక్కన ఇంకో గీత వేసి దాన్ని చీర మడతో, చెట్టు కొమ్మో చేసుకోవాలి. బొమ్మ ముందుకే పోతుంది కాబట్టి పూర్తవుతుంది. రోజూ పూర్తయ్యే పని రోజూ చేయబుద్ధేస్తుంది.

సామాను ఎక్కువ కొనకండి. 0.3 మిల్లీమీటర్ల నీటికి చెదరని పిగ్మెంట్ పెన్ను ఒకటి, నలుపు నింపడానికి బ్రష్ పెన్ను ఒకటి చాలు. ప్రింటర్‌లో వాడే 80 జీఎస్ఎం కాగితం సిరాను పీల్చి వెనక్కి దించుతుంది. 150కి పైన ఉన్నది తీసుకోండి. పాళీతో వేద్దామని సరదా ఉంటే సంతోషం, కానీ లక్క కలిసిన ఇండియన్ ఇంకును మాత్రం ఫౌంటెన్ పెన్నులో పోయకండి. లోపల గడ్డకట్టి పెన్ను పనికిరాకుండా పోతుంది. ఈ దేశంలో వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం గనక బయట గీసేవాళ్లు నీటికి చెదరని సిరానే వాడాలి. చెదిరే సిరాతో వేసి, వాన చినుకుల్ని బొమ్మలో కలుపుకునే ఘనులూ ఉన్నారు. అది వేరే రకం ధైర్యం.

సిరా అన్నాక నాకు ఎప్పుడూ ఆశ్చర్యమనిపించే సంగతి ఒకటి చెబుతాను. ట్రినిటీ కాలేజీలో ఉన్న బుక్ ఆఫ్ కెల్స్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఊరి నుంచి అత్తమామలు వస్తే తీసుకెళ్లే మొదటి చోటు అదే. క్రీస్తుశకం 800 ప్రాంతంలో దూడ తోలు మీద రాసిన 680 పేజీల గ్రంథం. దాని అక్షరాలు చాలామటుకు ఇనుప సిరాతో రాసినవి. ఓక్ చెట్ల మీద పురుగు కుట్టి బుడిపెలు లేస్తాయి. వాటిలోని వగరుకు ఇనుప లవణం కలిపితే, గాలి తగిలే కొద్దీ నల్లబడే సిరా తయారవుతుంది. మనవాళ్లు కరక్కాయకు అన్నభేది కలిపి కాచుకున్న సిరాలో జరిగేదీ అదే. కరక్కాయ వగరు, అన్నభేదిలో ఇనుము. శ్రీకాళహస్తి కలంకారీలో అయితే ఈ వంట గుడ్డ మీదే జరుగుతుంది. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాల జిడ్డు వల్ల గీత పాకిపోకుండా ఆగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టి కసిమి తీస్తారు. వెదురు కలంతో ఆ కసిమిని బట్ట మీద పెట్టగానే లేతగా పడిన గీత చూస్తూండగానే నల్లబడుతుంది. అక్కడా రబ్బరు లేదు. ఐర్లండ్ సన్యాసికీ, కాళహస్తి పనివాడికీ ముఖపరిచయం లేకపోయినా ఇద్దరి నలుపూ ఒకటే రసాయనం.

సరే, ఏం గీయాలి? బ్లాంచర్డ్స్‌టౌన్‌లో గీయడానికేముంది, షాపింగ్ సెంటరూ, రౌండబౌట్లూ తప్ప అంటారు. 1996లో తెరిచిన ఆ సెంటరే చాలు. ఫుడ్‌కోర్టులో కూర్చుంటే కదలకుండా తినే మనుషులు దొరుకుతారు. మనల్ని ఎవరూ పట్టించుకోరు. పక్కనే లైబ్రరీ, దాన్ని ఆనుకున్నట్టే 2001లో మొదలైన డ్రీయాక్ట్ ఆర్ట్స్ సెంటర్, అందులో గ్యాలరీ. లైబ్రరీ సభ్యత్వం ఉచితం. 2019 నుంచి పుస్తకం ఆలస్యంగా ఇచ్చినా జరిమానా లేదు. అంతకన్నా నాకిష్టమైన చోటు కూల్‌మైన్ స్టేషను దగ్గర రాయల్ కెనాల్. 1790లో తవ్వకం మొదలైన కాలువ అది. క్యాసిల్‌నాక్ దాటాక క్లాన్సిల్లా వైపు రాతిని లోతుగా తొలిచి తీశారు. కాలువను తన మేనూత్ మీదుగా పోనివ్వాలని లీన్‌స్టర్ డ్యూక్ పట్టుబట్టినందువల్ల వచ్చిన తిప్పలవి. 1845లో ఒక రైలు కంపెనీ కాలువను కొనేసి గట్టు వెంట పట్టాలు వేసింది. ఇవాళ కాలిబాట, నీళ్లు, రైలు మూడూ పక్కపక్కనే పోతాయి. కాస్త వెనక్కి నడిస్తే లాకులు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్లకు లాకు తలుపుల గురించి నేను వివరించక్కర్లేదు. ఆ బరువైన చెక్క దూలం, తలుపు సందుల్లోంచి చిమ్మే నీళ్లు, సిరాకు ఇంతకన్నా ఏం కావాలి? అక్టోబరు సాగేకొద్దీ ఆకులు రాలి కొమ్మలు బయటపడతాయి. వేసవిలో పచ్చటి ముద్దలా ఉండే చెట్టు అప్పుడు గీతలుగా విడిపోతుంది. ఈ ఛాలెంజ్ అక్టోబరులో పడడం ఐర్లండ్ వాళ్ల అదృష్టం.

వారాంతంలో సిటీలోకి వెళ్తే నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు. డబ్లిన్ క్యాసిల్‌లో ఉన్న చెస్టర్ బీటీ మ్యూజియానికీ లేదు. గ్యాలరీల్లో సాధారణంగా పెన్సిలుకే అనుమతి. లోపల చూసి, బయటికొచ్చి గుర్తున్నంత మేరకు సిరాతో వేయండి, అదీ ఒక సాధనే. కవి యేట్స్ తమ్ముడు జాక్ యేట్స్ స్కెచ్ పుస్తకాలు రెండు వందలకు పైగా నేషనల్ గ్యాలరీ దగ్గర ఉన్నాయి. గుర్రప్పందేలు, సంతలు, రేవులు, ఎక్కడికెళితే అక్కడ జేబులో పుస్తకం. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో చిత్రలేఖనానికీ పతకాలిచ్చారు. ఐర్లండ్‌కు మొట్టమొదటి ఒలింపిక్ పతకం, లిఫీ నదిలో ఈతపందెం బొమ్మకు వెండి పతకం, తెచ్చింది ఆయనే.

డబ్లిన్‌వాడే ఇంకొకడు హ్యారీ క్లార్క్. గ్రాఫ్టన్ స్ట్రీట్ బ్యూలీస్ కేఫేలో రంగుటద్దాలు చూసి ఉంటారు, అవి ఆయనవి. 1916లో ఆండర్సన్ కథలకు, 1919లో ఎడ్గార్ ఆలన్ పో కథలకు ఆయన వేసిన సిరా బొమ్మలు తప్పక వెతికి చూడండి. పేజీలో సగం కటిక నలుపు, ఆ నలుపు అంచున సన్నటి చుక్కలు, నగలు, వేళ్లు. క్షయతో 1931లో 41 ఏళ్లకే పోయాడు. క్లార్క్ పేజీ పక్కన బాపు బొమ్మ పెట్టి చూస్తే సిరాకున్న రెండు కొసలూ కనిపిస్తాయి. క్లార్క్ నింపుతాడు. బాపు వదిలేస్తారు. ఒక జడ, ఒక నడుము వంపు, మిగతాది కాగితమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు క్లార్క్‌ను చూసి ముచ్చటపడండి, బాపును చూసి నేర్చుకోండి. పగలంతా పనిచేసి వచ్చినవాడికి రాత్రి పూట చుక్కలు పెట్టే ఓపిక ఎక్కడుంటుంది?

నెల రోజుల గీతల పందెం మనకు బొత్తిగా కొత్త కూడా కాదు. ధనుర్మాసంలో రోజుకో ముగ్గు, నిన్నటిది ఇవాళ వేయకూడదు, పక్కింటివాళ్లు చూస్తారు. నియమాలన్నీ ఉన్నాయి. తిరుప్పావైలో 30 పాశురాలు, రోజుకొకటి. వాటికి బాపుగారు బొమ్మలు వేశారు కూడా. అక్టోబరు కుదరకపోతే డిసెంబరు మధ్యలో మొదలుపెట్టండి. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వాకిట్లో పిండి వేస్తే వాన ఒక్క పూట ఉంచదు. కాగితం మీద సిరా ఉంటుంది.

మాటల జాబితా మాత్రం మన భాషలో, మన ఇంటికి సరిపోయేట్టు మనమే రాసుకుంటే బాగుంటుందని నా సలహా. ఇంగ్లిషు జాబితాల్లో డ్రాగన్లూ, మంత్రగత్తెలూ ఎక్కువ. పిల్లలకు అవి సరదా, మనకు ఇడ్లీ పాత్ర దగ్గర. 31 మాటలు ఇంటిల్లిపాదీ కలిసి చీటీల మీద రాసి డబ్బాలో వేసుకోండి. ఎవరు రాసింది ఎవరికొస్తుందో తెలియదు. పిల్లలకు మిడ్‌టర్మ్ సెలవులు నెలాఖరుకు ఎలాగూ వస్తాయి, కష్టమైనవి అప్పటికి అట్టేపెట్టండి.

మొదటి వారానికి ఏడు మాటలు నేనే ఇచ్చి సెలవు తీసుకుంటాను. కాగితం దగ్గర పెట్టుకున్నవాళ్లు రాసుకోండి. ఒకటో తారీఖు, తడిసిన గొడుగు. రెండు, ఇడ్లీ పాత్ర, మూత తీసి. మూడు, కూల్‌మైన్ రైలు గేటు. నాలుగు, జిప్పు పట్టని సూట్‌కేసు. ఐదు, రాలిన ఆకు, ఒక్కటే. ఆరు, కాలువ లాకు తలుపు. ఏడో రోజు బయటికెళ్లే పని లేదు, మీ ఎడమ చెయ్యి వేయండి. ఎడమచేతి వాటం వాళ్లు కుడి చెయ్యి వేయండి, సిరా అలుక్కోకుండా కాగితం కాస్త పక్కకు తిప్పి పెట్టుకోండి.